సాంచాల ఇంట్లో నాలుగు వరుసల పాట

హోట్గి రోడ్ మీద మా కాలనీ క్లబ్‌హౌస్‌లో ఈ మధ్య నేనొక బృందగానంలో చేరాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వస్తారు, అంతా కలిపి ఓ పన్నెండు మందిమి. ఏసీ ఉంటుంది. మెత్తని కుర్చీలుంటాయి. ఎవరి పాట కాగితం వాళ్లకు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తారు, చేతి చెమట అంటకుండా. ఎవరి ఫోనైనా మోగిందంటే మిగతావాళ్లు చూసే చూపుకు ఆ మనిషి మళ్లీ వారం రాకపోయినా ఆశ్చర్యం లేదు. పుణె నుంచి ఒక సారు వచ్చి నేర్పుతాడు. చాలా మెత్తని మనిషి. తప్పు పాడినా ముందు బాగుందనే అంటాడు, తర్వాత ఏం బాగాలేదో చెబుతాడు. మూడోసారో నాలుగోసారో కలిసినప్పుడు ఆయన పాట ఆపి, నా దగ్గరికొచ్చి మరాఠీలో అడిగాడు. "మీ పక్కావిడ ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, మీరు మీ వరుస వదిలేసి ఆవిడ వరుస అందుకుంటున్నారు. ఎందుకు?" నాకు తెలియకుండానే జరిగిపోతోందన్నాను. "ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. దాజీ పేట్‌లో, మా ఇంట్లో అన్నాను. ఆయన ఏదో పాతకాలపు సంగీతం ఇల్లు అనుకున్నట్టున్నాడు, గౌరవంగా తలూపాడు. నేనూ ఆ గౌరవాన్ని పాడుచేయలేదు.

నాకు ముప్పై దాటి ఎంతోకాలం కాలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని నాకూ తెలుసు. కానీ మా ఇంట్లో పెద్దవాళ్లు రాసేదాకా ఆగితే అందులో నేను ఎలా కనిపిస్తానో ఊహించగలను కాబట్టి, ముందే కూర్చున్నాను.

దాజీ పేట్‌లో మాది కింద సాంచాలు, పైన మనుషులు ఉండే ఇల్లు. దాజీ పేట్ అంటే ఈ మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్ల పేట. సాంచా అంటే మేం మరమగ్గానికి పెట్టుకున్న పేరు. పొద్దున స్విచ్ వేస్తే నాలుగూ ఒక్కసారే మొదలయ్యేవి. తర్వాత ఆ ఇంట్లో రహస్యం అనేదే ఉండేది కాదు, ఏం చెప్పాలన్నా అరిచే చెప్పాలి. మా అమ్మ ఎదురింటావిడ మీద చాడీలు కూడా గొంతెత్తే చెప్పేది, ఎదురింటావిడ సాంచాలు నడుస్తున్నాయన్న ధైర్యంతో. మగ్గం నూనె, గంజి, ఎగిరే దూది, వీటితోపాటు మెట్ల కింద కూర్చుని బీడీలు చుట్టే మా లక్ష్మత్త ఒళ్లోని చేట నుంచి పొగాకు ఘాటు. ఈ నాలుగూ కలిసిన వాసనే నా లెక్కలో అన్నం వేళ. ఇప్పటికీ ఏ సెంటు సీసా తెరిచినా నాకు ఆకలి వేయదు, ఏదో లోటుగా ఉంటుంది.

సాంచాల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. మాకు చప్పుడు వినపడదు. చప్పుడు ఆగితే వినపడుతుంది. మధ్యాహ్నం తిండి కాగానే మా నాయన నూలు బస్తాల మీద నడుం వాల్చేవాడు. పక్కనే నాలుగు సాంచాలు రేకులు ఊగిపోయేలా కొట్టుకుంటుంటే ఆయన నోరు తెరిచి హాయిగా నిద్రపోయేవాడు. ఆ చుట్టుపక్కల ఎక్కడ ఒక పోగు తెగి ఒక్క సాంచా ఆగినా, కళ్లు తెరుచుకోకముందే మనిషి లేచి నిలబడేవాడు. "ఎవనిది తెగింది?" అనేవాడు. తెగినచోటికి నడుస్తుండగా దారిలో మెలకువ వచ్చేది. అందుకే వారానికోసారి సాంచాలకు సుట్టి, అంటే సెలవు, వచ్చిన రోజు మా వీధిలో పసిపిల్లలంతా ఏడ్చేవాళ్లు. ఆ నిశ్శబ్దంలో నిద్రపట్టక.

అలాంటి ఇంట్లోకి బృందగానం తెచ్చినవాడు మా పెద్దనాయన. పేరు అంబదాస్, మా నాయనకు అన్న. చద్దర్ల మూటలు ఒక వ్యాపారికి అప్పజెప్పడానికి పుణె వెళ్లినప్పుడు వాన పడింది. తలదాచుకోవడానికి దగ్గర్లో కనబడిన పెద్ద హాల్లో దూరాడు. లోపల పాతికమంది వరుసగా నిలబడి పాడుతున్నారట. వాళ్లు ఏ భాషలో పాడారో ఆయనకు తెలియదు. ఏ దేవుడి మీద పాడారో తెలియదు. ఒక్కటే అర్థమైంది. ఒకే పాటను నాలుగు గుంపులు నాలుగు తీర్ల పాడుతున్నాయి, అయినా ఒకదానికొకటి అడ్డం రావడం లేదు. వాన ఎప్పుడు ఆగిందో ఆయనకు తెలియలేదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆయనకు జలుబు చేసిందని కూడా అదే నోటితో చెబుతుంది.

"మనం గూడ పాడాలె," అన్నాడు పెద్దనాయన.

"పాడుతనే ఉన్నం గద పెద్దన్నా, గుడిల, భజనల," అంది లక్ష్మత్త, చేతిలో ఆకు కత్తిరిస్తూనే.

"అట్ల గాదు లక్ష్మీ. అందరు ఒక్కటే పాడుడు గాదు. నువ్వొకటి, నేనొకటి, నాగనాథ్ ఒకటి. కానీ అన్నీ కలిసి ఒక్కటి."

"నలుగురు నాలుగు పాడితె దాన్ని పంచాయితీ అంటరు," అన్నాడు మా నాయన. పేరు విఠల్. మాటలు తక్కువ మనిషి. ఆడిన తక్కువ మాటలూ ఇలాంటివే.

పెద్దనాయన ఊరుకోలేదు. భజన మండలి హార్మోనియం ఇంటికి తెచ్చుకుని, ఏ మెట్టు పక్కన ఏ మెట్టు నొక్కితే అవి కొట్లాడుకోవో వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఆయనకు సంగీతం ఎవరూ నేర్పలేదు. కొట్లాడుకునేవాటిని ఎలా విడదీయాలో మాత్రం తెలుసు, ఉమ్మడి కుటుంబానికి పెద్దవాడు గదా. పాట కూడా తనే కట్టాడు. రేకుల మీద వాన పడటం, బజారు తడవడం, ఆరేసిన నూలు తడవడం, వాన ఆగడం, తర్వాత చూరు నుంచి ఒక్కొక్క బొట్టూ రాలడం. అంతే. నాలుగు వరుసలని మేం గొప్పగా చెప్పుకున్నాం గానీ నిజానికి అవి మూడున్నర. నాలుగో వరుస రెండోదాన్నే కాస్త ఆలస్యంగా పాడేది. అడిగితే, "ఎన్కకెల్లి వచ్చేటోడు గూడ ఉండాలె గద," అన్నాడు.

ఇక్కడ పడుగు, పేక అంటూ ఒక పోలిక వస్తుందని చదివేవాళ్లు ఎదురుచూస్తుంటారు. మా ఇంట్లో ఆ పోలిక ఎవరూ తేలేదు. వారమంతా దానితోనే చచ్చేవాళ్లకు సుట్టి రోజున కూడా అదే గుర్తు చేయడం మర్యాద కాదు.

పక్కిళ్ల వాళ్లను కూడా కలుపుకుని గుంపు తయారైంది. పై వరుసకు లక్ష్మత్త. పొగాకు దుమ్ముతో పొద్దంతా దగ్గే మనిషి, పాట మొదలైతే దగ్గేది కాదు. పాట అయ్యాక బాకీ అంతా తీర్చేసేది. కింది వరుసకు ఆటో నడిపే నాగనాథ్ మామ. ఆయన మామూలుగా మాట్లాడినా పక్క గదిలో గిన్నెలు కదిలేవి. నాది అప్పటికే కొంచెం బొంగురు గొంతు కావడంతో పెద్దనాయన నన్ను తీసుకెళ్లి మగవాళ్ల పక్కన నిలబెట్టాడు. కాలేజీలో అప్పుడే అడుగుపెట్టిన కొత్త, సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను. చావలేదు. అమ్మకే ఎక్కువ బాధ కలిగింది. "రేపు సూడనీకె ఒచ్చినోళ్లు ఒక పాట పాడమ్మా అంటె ఏం జేస్తవే?" అంది. నాగనాథ్ మామ అందుకుని, "నన్ను పిలువు అక్కా, పై వరుస నేను పాడ్త," అన్నాడు.

పాడుకోవడానికి మాకు దొరికింది మా ఇంటి ముందు గది. అంతకుముందు నూలు బస్తాలుండేవి, వాటిని మేడ మీదికి చేర్చాక అది ఖాళీ అయింది. ఖాళీ గది అంటే మా నాయనకు పంటినొప్పిలాంటిది, నాలుక ఎప్పుడూ అటే పోయేది. టవళ్ల పని బాగా వస్తున్న కాలం అది. అక్కడ ఇంకో రెండు సాంచాలు దించాలని ఆయన ఉద్దేశం. సుట్టి రోజున పెద్దనాయన మమ్మల్ని అక్కడ నిలబెట్టి పాడిస్తుంటే, నాయన గుమ్మంలో నిలబడి గోడకూ గోడకూ మధ్య దూరాన్ని కళ్లతో కొలుస్తుండేవాడు. అన్న మాట కాదనడు. అలాగని వినడు కూడా.

పెద్దనాయనకు ఆ గది ఎందుకంత ముఖ్యమో మాకు తెలుసు. చిన్నప్పుడే సాంచా మీద నిలబడ్డాడు. తమ్ముడి పెళ్లి, చెల్లెలి కాపురం, ఆ కాపురం నిలబడక చెల్లెలు తిరిగొస్తే ఆమెకు నీడ, అన్నీ చూశాడు. ఆయన తన జన్మలో నాకిది కావాలి అని నోరు తెరిచి అడిగింది ఆ గది ఒక్కటే. పూర్తి నిజం చెప్పాలంటే అంతకుముందొకసారి మూత బిగువుగా ఉండే టిఫిన్ డబ్బా కూడా అడిగాడు. అది కొనిచ్చారు.

గది సంగతి ఒకరోజు అన్నం దగ్గర తేలింది. మా నేతవాళ్ల సమాజం వార్షికోత్సవంలో మా పాటకు చోటు దొరికిందని పెద్దనాయన చెప్పగానే నాయన కంచంలోంచి తలెత్తాడు.

"సరే అన్నా. ఆడ పాడుండ్రి. నేనొచ్చి ముందట కూసుంట. అది పాట అయితె గది నీది. పాట గాకపోతె మిస్త్రీని పిలుస్త, రెండు సాంచాలు దించుత."

"పాట అయిందో లేదో ఎవడు జెప్పాలె?"

"నేనే."

జడ్జీ ఆయనే, అవతలి పార్టీ కూడా ఆయనే. అయినా పెద్దనాయన సరే అన్నాడు. లక్ష్మత్త గరిటె పట్టుకుని నాయన వైపు అదోలా చూసింది. ఆ పూట ఆయనకు పులుసు రెండోసారి అందలేదు.

ఇక అసలు చిక్కు చెబుతాను. మాకు పాడటం వచ్చింది. ఆగడం రాలేదు. పెద్దనాయన తన పాటలో ఒక చోటు పెట్టుకున్నాడు. వాన పెద్దదై, పెద్దదై, అందరం గొంతు చించుకుని "వాన ఆగె" అన్న తర్వాత, ఆయన పిడికిలి పైకెత్తుతాడు. అందరూ ఆగాలి. ఎవరూ ఊపిరి కూడా వినపడనీయకూడదు. ఆ తర్వాత ఆయన చెయ్యి మెల్లగా విప్పితే, లక్ష్మత్త ఒక్కతే చూరు నుంచి మొదటి బొట్టు రాల్చాలి. పుణె హాల్లో ఆయన్ను కదలనీయకుండా చేసింది అలాంటి ఒక ఆగడమేనట. "పాట ఆడ ఉన్నది," అనేవాడు, ఏమీ లేనిచోటు చూపించి.

మాకు అది కుదిరేదే కాదు. సాంచాల వాళ్ల ముందు ఒకటి ఆగితే ఒళ్లు ఊరుకోదు. ఒక సాంచా ఆగితే పక్కవాడు తన పని వదిలి చేయి వేయాలి, అదే మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మర్యాద. ఒక వరుసవాళ్లు మామూలుగా కాసేపు ఊరుకోవాల్సిన చోట కూడా మిగతా గుంపంతా వాళ్ల వైపు తిరిగి చూసేది, ఏమైందోనని. నేను ఊపిరికి ఆగితే నాగనాథ్ మామ నా వరుస అందుకునేవాడు. ఆయన దగ్గితే నేను ఆయనది. ఇక అందరూ ఒక్కసారి ఆగాల్సిన ఆ చోట ఎవరో ఒకరు భరించలేక "ఊఁ..." అని లాగించేసేవాళ్లు. పెద్దనాయన నెత్తి కొట్టుకునేవాడు.

"అరే, ఆగుండ్రి అంటె సచ్చిపొమ్మన్నట్టు జూస్తరేంది? జరా ఆగుండ్రి. అంతే."

"పెద్దన్నా, ఏదో ఒకటి నడ్వనియ్యి, పానం గుబులైతున్నది," అంది లక్ష్మత్త.

"కాలి బొటనవేలు నడిపించు. ఎవనికి అవుపడది."

అదే మందైంది. నోరు ఆగాలి, బొటనవేలు నేల మీద నడవాలి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి నడుస్తోందని ఒంటికి తెలిస్తే నోరు ఊరుకునేది. కార్యక్రమానికి ముందు సుట్టి రోజున మొదటిసారి ఆ గదిలో మేమంతా కలిసి ఆగగలిగాం. ఆ నిశ్శబ్దంలో పై అంతస్తులో అమ్మ అప్పడాలు వేయించే శబ్దం వినిపించింది. పెద్దనాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. గొప్ప క్షణమే అది. అప్పడాలు అయిపోతాయేమోనని నాగనాథ్ మామ మెట్ల వైపు చూస్తుండటం ఒక్కటే దానికి లోపం.

వేదిక మీద అందరం ఒకేలా కనబడాలని పెద్దనాయన భుజాల మీదికి తలా ఒక కొత్త టవల్ ఇచ్చాడు. ఇంట్లో నేసినవే, బజారుకు పోనివి. వాటి మీద నెమలి తలకిందులుగా వచ్చింది. మేం వరుసగా నిలబడితే ముందు వరుసలోని ఒకావిడ తల పక్కకు వంచి ఆ నెమళ్లనే చూస్తూ కూర్చుంది. మాకు ముందు పిల్లల డాన్సు, శాలువాలు, ప్రసంగాలు. మా తర్వాత భోజనాలు. హాలు వెనక నుంచి మసాలా వాసన అప్పటికే లోపలికి వస్తోంది. ఏ పాటకూ రాకూడని కష్టమది.

పెద్దనాయన వచ్చి మా వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు. దాజీ పేట్ అంతకుముందు అలాంటిది చూడలేదు. ఆయన చెయ్యెత్తాడు, మేం మొదలుపెట్టాం. వాన సన్నగా పడుతోంది, ఇంకా బజారు దాకా రాలేదు, వెనక నుంచి ఎవరో పెద్దమనిషి అరిచాడు.

"అంబదాసన్నా! జనానికి వీపు జూపెడ్తవేంది? ఇటు దిరుగు!"

మర్యాదస్తుడైన మా పెద్దనాయన పాట మధ్యలో ఇటు తిరిగి, చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. ఆయన చేతులు జోడించడం చూసి పై వరుస ఆగింది. పై వరుస ఆగింది గనక, అలవాటు ప్రకారం, మిగతా రెండున్నర వరుసలూ పై వరుసనే అందుకున్నాయి. కొంతసేపు పుణె ఏమీ లేదు, మామూలు భజనే. పెద్దనాయన తిరిగొచ్చి, ఎవరి వరుసకు వాళ్లను చూపుడువేలితో తోలుకెళ్లి దిగబెట్టాడు. నుదుటి మీద చెమట కారుతున్నా ఆయన ముఖంలో వెలుగు తగ్గలేదు. పాట దారిలో పడింది. నిజంగా పడింది. నా కుడిచెవిలో నాగనాథ్ మామ గొంతు, ఎడమచెవిలో ఇంకేదో, మధ్యలో నాది, ఒకదానికొకటి అడ్డం రాకుండా పోతుంటే నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

అప్పుడు చూశాను ముందు వరుసలో మా నాయనను. తల వెనక్కి వాలి ఉంది. నోరు తెరిచి ఉంది. హాయిగా నిద్రపోతున్నాడు.

లక్ష్మత్త కూడా చూసింది. పాడుతూనే నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది. వీపు అటు ఉన్న పెద్దనాయన ఒక్కడికే కనబడటం లేదు. ఆయన ప్రపంచంలో ఏమీ తప్పు జరగనట్టు వానను ఇంకా పెద్దది చేస్తున్నాడు. గది పోయిందని నాకు అర్థమైంది. పాట అయిందో కాలేదో చెప్పాల్సిన మనిషి అసలు వినడం లేదు. మేం వాన ఆపితే పెద్దనాయన తిరిగి చూస్తాడు, చూస్తే ఆయనకు తెలుస్తుంది. అందుకే కావచ్చు, మేం వానను ఎన్నడూ లేనంత గట్టిగా కురిపించాం. కానీ ఏ వాననైనా ఎంతసేపని పొడిగిస్తాం. "వాన ఆగె" వచ్చేసింది. పిడికిలి పైకి లేచింది.

మేం ఆగాం. ఒక్కరూ జారలేదు. బొటనవేళ్లు నేల మీద నడుస్తున్నాయి. హాలంతా ఒక్కసారి ఖాళీ అయినట్టు నిశ్శబ్దం.

ముందు వరుసలో మా నాయన లేచి నిలబడ్డాడు. కళ్లు ఇంకా మూసే ఉన్నాయి.

"ఎవనిది తెగింది?"

ఆయన ఒక్కడే అయితే బాగుండేది. హాలు నిండా సాంచాల మనుషులే కదా. అక్కడొకరు, ఇక్కడొకరు సగం లేచి నిలబడి, ఆగింది ఎక్కడా అని అటూ ఇటూ చూస్తున్నారు. ఒకాయన కరెంటు మీటరు వైపు నడవడం కూడా మొదలుపెట్టాడు. తర్వాత ఎవరో ఒకావిడ నవ్వింది. ఆ నవ్వు వరుస వెంట వరుస వెనక్కి పోయింది. పెద్దనాయన పిడికిలి ఇంకా గాల్లోనే ఉంది. తిరిగి చూశాడు, నిలబడి ఉన్న తమ్ముడిని చూశాడు, సంగతి అర్థమైంది. మళ్లీ మా వైపు తిరిగి చెయ్యి మెల్లగా విప్పాడు. లక్ష్మత్త మొదటి బొట్టు రాల్చింది. ఆ నవ్వులో అది ఎవరికీ వినపడలేదు. మాకు వినపడింది.

ఆ బాధలో పెద్దనాయన అన్నం ముట్టలేదని రాయగలిగితే బాగుండేది. రెండుసార్లు పెట్టించుకున్నాడు. అందరూ వచ్చి బాగుంది అన్నారు, బాగా నవ్వామన్నారు. రెండో మాట విన్నప్పుడల్లా ఆయన నీళ్లు తాగాడు. నాగనాథ్ మామ ఆటోలో ఇంటికి వస్తుండగా తమ్ముడు ఒక పక్క, అన్న ఒక పక్క, మధ్యలో హార్మోనియం.

ఈ మధ్య క్లబ్‌హౌస్‌లో మేం ఒక కార్యక్రమం ఇచ్చాం. పాటలో ఆగాల్సినచోట అందరం చక్కగా ఆగాం. వినేవాళ్లు కూడా చక్కగా ఆగారు. చప్పట్లు కొట్టాల్సినప్పుడు కొట్టారు, ఎంత కొట్టాలో అంతే. తర్వాత సారు మా అందరితో చేతులు కలిపాడు. ఒక్క తప్పు లేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తోచింది, ఇక్కడ మేం ఆగినందుకు ఎవరి గుండే జారలేదని. మంచిదే. అన్ని చోట్లా గుండెలు జారాల్సిన అవసరమేముంది. దాజీ పేట్‌లో ఇప్పుడు మా ఇంట్లో ఒక్క సాంచా లేదు, చుట్టుపక్కల కూడా బాగా తగ్గాయి. పసిపిల్లలు నిశ్శబ్దంలోనే నిద్రపోవడం నేర్చుకున్నారు. పెద్దనాయనకు చెవులు సరిగా వినిపించవు. నేను పాడి వినిపిస్తే నా నోటిని చూసి, ఎక్కడ వరుస తప్పానో చెబుతాడు. తప్పకపోయినా చెబుతాడు.

వార్షికోత్సవం మరునాడు సుట్టి. పొద్దున్నే మిస్త్రీ వచ్చాడు, సాంచాలు దించే ముందు నేల మీద కాళ్లు ఎక్కడ పాతాలో గీతలు గీసేవాడు. జేబులో సుద్దముక్క, చెవి మీద పెన్సిల్. అతన్ని చూడగానే పెద్దనాయన లోపలికెళ్లి, హార్మోనియం ఎత్తుకుని ముందు గది ఖాళీ చేయబోయాడు. లక్ష్మత్త చేట పక్కన పెట్టి నాయన మీదికి లేచింది.

"ఏ నోటితోని జెప్తవ్ అన్నా, పాట గాలేదని? నువ్వు ఇన్నవా? నిద్రవోయినవ్ గద!"

"పోయిన," అన్నాడు నాయన.

"సిగ్గు గూడ లేదు!"

"ఎందుకు సిగ్గు? నాలుగు సాంచాలు ఒక్క తీర్గ నడిస్తెనే నాకు నిద్ర. ఒక్కటి అటిటైనా కన్ను మూతవడ్తదా? నీ వదినెను అడుగు." తర్వాత అన్న వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ అన్నాడు. "మొదట్ల ఆయనెవడో తిప్పి నమస్తె వెట్టిచ్చినప్పుడు మెలకువనే ఉన్న. తరువాత పట్టింది నిద్ర. మంచిగ పట్టింది."

పెద్దనాయన హార్మోనియం దించలేదు. దాన్ని పట్టుకునే నిలబడ్డాడు, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు.

"రెండు ఎయ్యాలె గద సేట్?" అన్నాడు మిస్త్రీ, ఈ సంగతులేవీ తనకు పట్టనట్టు.

"ఒక్కటే," అన్నాడు నాయన. "ఆ మూలకు. ఆర్డరు ఉన్నది, ఒక్కటన్న ఎయ్యకపోతె ఎట్ల. మిగిలింది ఈళ్లకు."

మిస్త్రీ మూలన సాంచా కోసం గీత గీశాడు. తర్వాత మా వైపు తిరిగి, "ఈళ్లకు ఎంత గావాలె?" అని అడిగాడు. అది ఎవరికీ తెలియదు. పాటకు ఎంత నేల పడుతుందో ఎప్పుడూ ఎవరూ కొలవలేదు. నాయన, "నిలవడుండ్రి, సూద్దాం," అన్నాడు. నాగనాథ్ మామను ఆటోలోంచి దించి తెచ్చాం. పక్కిళ్ల నుంచి మిగతావాళ్లను పిలిచాం. ఒకడు పళ్లపొడి నోటితోనే వచ్చాడు. ఎవరి వరుసలో వాళ్లం నిలబడ్డాం. పెద్దనాయన హార్మోనియం నాకిచ్చి, ముందుకొచ్చి, మా వైపు తిరిగి తన చోట నిలబడ్డాడు. మిస్త్రీ మా కాళ్ల పక్కనే వంగి వంగి సుద్దతో గీత గీసుకుంటూ వచ్చాడు.

"అరే, మనుషులు నిలవడనీకె గింత జాగ గావాల్నా?" అన్నాడు నాయన గుమ్మంలోంచి.

"పాడేటప్పుడు ఊపిరి ఉబ్బుతది విఠల్," అన్నాడు పెద్దనాయన, వెనక్కి తిరగకుండా. ఆ మాట అనగానే లక్ష్మత్త మోచేతులు రెండూ బయటికి పెట్టింది. నాగనాథ్ మామ పొట్ట వదిలేశాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరం ఒక్కసారే కాళ్లు ఎడంగా జరుపుకున్నాం.